సూపర్ నేపియర్ బేళ్లు: 9 విప్పితే 2 మాత్రమే బాగున్నాయి. తప్పు ఎక్కడ జరిగింది?

ఏలేరు గట్టు
మార్చి 3, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. మాది పిఠాపురం దగ్గర పల్లె. ముర్రా గేదెలు 6 ఉన్నాయి. పాలిచ్చేవి 4, ఒకటి తొమ్మిదో నెల చూడి, ఒకటి పడ్డ. వరికోత మిషన్లు వచ్చాక మా ఊళ్లో గడ్డివాములు చిన్నవైపోయాయి. మిషను వెనక చేలో ముక్కలై పడిన గడ్డిని ఏరించే కూలి, గడ్డి విలువను మించిపోతోంది. అందుకని ఏప్రిల్, మే నెలలకు పచ్చమేత దాచుకుందామని ఈ ఏడు మొదటిసారి సైలేజీ బేళ్లు చుట్టించాను, అంటే పచ్చగడ్డిని నొక్కి, గాలి చొరబడకుండా ప్లాస్టిక్ ఫిల్ము చుట్టి పులియబెట్టడం.

20 సెంట్లలో సూపర్ నేపియర్ గడ్డి ఉంది. బేళ్లు చుట్టే మిషను, అదే బేలర్, అద్దెకిచ్చే అతను జనవరి 19న ఒక్కరోజే ఖాళీ అన్నాడు. అప్పటికి గడ్డికి 65 రోజులు, మనిషి ఎత్తు దాటింది. కోసినది కోసినట్టు గడ్డి తరిగే చాఫ్ కట్టర్‌లో వేసి, ముక్కలు బేలర్‌లో పోశాం. బేలు 60 కేజీల పైనే తూగింది. సాయంత్రం 4 గంటలకు 24 బేళ్లు పూర్తయ్యాక మిషను బెల్టు తెగింది. అప్పటికే తరిగిన ముక్కలు పెద్ద కుప్ప ఉంది. టార్పాలిన్ కప్పి ఇంటికి వెళ్లాం. మర్నాడు మధ్యాహ్నం కొత్త బెల్టు వేసి మరో 18 చుట్టాడు. మొత్తం 42. మా అమ్మాయి సరదాకు మార్కరుతో అన్నిటి మీదా వరుసగా నంబర్లు రాసింది.

40 రోజులు ఆగి విప్పడం మొదలుపెట్టాను. 1, 4 నంబర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, పుల్లటి వాసన, ఆకుపచ్చ పసుపు కలిసిన రంగు, గేదెలు ఎగబడి తిన్నాయి. 9, 13, 17, 22 విప్పితే మురిగిన వెన్న కంపు, చేతికి జిగురు, అడుగున నల్లటి నీళ్లు. చేయి కడుక్కున్నా రాత్రి భోజనం దగ్గర అదే వాసన. 27, 33, 40 మాత్రం పొగాకు రంగులోకి మారాయి. కాల్చిన బెల్లంలా తీయటి వాసన, అక్కడక్కడ తెల్ల బూజు. చిత్రం ఏమిటంటే ఇవి గేదెలు బాగానే తింటున్నాయి.

ఒకే మడి, ఒకే గడ్డి, ఒకే మిషను. మూడు రకాలుగా ఎందుకు వచ్చింది? మిగిలిన 33 ఏం చేయాలి?


మోట బావి
మార్చి 3, ఉదయం 9:15

ఈ ప్లాస్టిక్ చుట్టుడు మనలాంటి వాళ్లకు ఎందుకండీ. 10 అడుగుల పొడవు, 6 వెడల్పు, 5 లోతు గొయ్యి తీసి, పట్టా పరిచి, తొక్కించి, పైన మట్టి కప్పండి. నాలుగు టన్నుల పైనే పడుతుంది. మా నాన్న కాలం నుంచి పాతర వేస్తున్నాం, బెల్టు తెగే బాధ లేదు.


చింతమాను దొడ్డి
మార్చి 3, రాత్రి 8:50

ఏలేరు గట్టు గారూ, ముందు ఒక పని చేయండి. ఆ వెన్న కంపు బేళ్లూ, బూజు కనిపించినవీ చూడి గేదెకు ఒక్క గుప్పెడు కూడా వేయవద్దు. ఇప్పటికే వేసి ఉంటే, మేత మానినా, తల ఒక పక్కకు వాల్చినా, గుండ్రంగా తిరిగినా అదే రోజు పశువైద్యుణ్ణి పిలవండి. చెడిన సైలేజీలో పెరిగే లిస్టీరియా అనే సూక్ష్మజీవి మెదడుకు ఎక్కుతుంది, చూడిని పోగొడుతుంది. మేకలు, గొర్రెలు ఉంటే వాటిని ఆ పెంట దగ్గరికి కూడా పోనివ్వవద్దు. వాటికి ఇంకా త్వరగా తగులుతుంది.

తర్వాత నా ప్రశ్నలు. 1, 4 బేళ్లలోని గడ్డి ఎప్పుడు కోసింది? అదే ఉదయమేనా, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. బెల్లం గానీ ఉప్పు గానీ కలిపారా? ఫిల్ము ఎన్ని పొరలు? బేళ్లను చేలో నుంచి ఇంటికి ఎలా చేర్చారు?


ఏలేరు గట్టు
మార్చి 4, ఉదయం 5:55

అక్కా, చూడి గేదెకు బూజు తీసేసి 27వ నంబరు రెండు పూటలు వేశాను. ఆపేశాను. ప్రస్తుతానికి హుషారుగానే ఉంది.

మీరు అడిగాక మా ఆవిడ గుర్తుచేసింది. 18వ తేదీ సాయంత్రం ఇద్దరు కూలీలు వచ్చి గట్టు పక్క రెండు సాళ్లు కోసి, చీకటి పడిందని అలాగే పరిచి వెళ్లిపోయారు. మర్నాడు మొదట తరిగింది ఆ గడ్డే. 6వ నంబరు దాకా అదే అయి ఉంటుంది. వాడిపోయిన గడ్డి అని మొదట నేనే విసుక్కున్నాను.

బెల్లం, ఉప్పు కలపలేదు. బేలర్ అతను అవసరం లేదన్నాడు. పొరలు నాకు తెలియదు, మిషనే చుట్టింది. బేళ్లను మొదళ్ల మీదుగా దొర్లించుకుంటూ గట్టు దాకా తెచ్చి ట్రక్కు ఎక్కించాం. ఇంకొకటి, చుట్టిన మూడో రోజు రెండు బేళ్లు ఉబ్బితే గాలి పోవాలని గోనెసంచి సూదితో పొడిచి టేపు వేశాను.


చింతమాను దొడ్డి
మార్చి 4, మధ్యాహ్నం 2:20

అక్కా అన్నావు కాబట్టి ఇక మీరు అనను. నీ జవాబు నీ దగ్గరే ఉంది తమ్ముడూ. విసుక్కున్న గడ్డే నిలిచింది.

మాది మదనపల్లె వైపు. జెర్సీ క్రాస్ ఆవులు 8. ఈ పని మొదలుపెట్టిన ఏడాది నేను 30 బేళ్లు పెంటకుప్పకు తోలాను. అదీ మా తోడికోడలు గట్టు మీద నిలబడి చూస్తుండగా. కాబట్టి ఇది వెక్కిరింపు అనుకోకు.

ఆవకాయ పెట్టేటప్పుడు కాయను కడిగి, తుడిచి, ఆరాక కదా జాడీలో వేస్తాం. తడి ముక్క వేస్తే ఏమవుతుందో ఇంట్లో అడుగు. గడ్డిదీ అదే కథ. బేలులో గాలి అయిపోయాక, గడ్డిలోని చక్కెర తిని పెరుగును తోడుపెట్టే జాతి సూక్ష్మజీవులు పులుపు పుట్టిస్తాయి. పులుపు చాలినంత చేరితే, అంటే పులుపును కొలిచే పీహెచ్ అంకె 4 చుట్టుపక్కలకు దిగితే (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), ఇంక ఏదీ చెడదు. కానీ నీళ్లు ఎక్కువైతే ఆ పులుపు పలచబడుతుంది. అప్పుడు మట్టిలో నుంచి వచ్చిన ఇంకో జాతి లేచి వెన్న కంపు పుట్టిస్తుంది. నేపియర్‌లో మొక్కజొన్నలో ఉన్నంత చక్కెర ఉండదు, నీళ్లేమో 80 శాతం పైమాటే. నీ 9, 13, 17, 22 అలా పోయినవే. ఆ లెక్కన 7 నుంచి 24 దాకా అన్నీ అంతే అనుకో.

27, 33, 40 సంగతి వేరు. తరిగిన గడ్డి చచ్చిపోదు, ఊపిరి తీస్తూనే ఉంటుంది. కుప్పలో రాత్రంతా తన చక్కెర తానే తగలబెట్టుకుంది. ఆ ఉదయం కుప్పలో చేయి పెట్టి ఉంటే చుర్రుమనేది. పులియడానికి కావలసిన సరుకు కాస్తా వేడి కింద పోయింది. కాలిన బెల్లం వాసన గేదెలకు ఇష్టమే, తింటాయి, కానీ ఆ వేడికి మాంసకృత్తులు బిగుసుకుపోయి కడుపులో అరగవు. మేత తిన్నట్టే ఉంటుంది, పాలు మాత్రం రావు. బూజు లేనివి పడ్డకు కొంచెం కొంచెం వేసుకో, దాణా తగ్గించకు. బూజు ఉన్న బేలులో తెల్లటి చోటు గీరేసి మిగతాది వేయడం మంచిది కాదు. కంటికి కనిపించే బూజు చుట్టూ కనిపించనిది పాకి ఉంటుంది, దాని విషం పాలలోకి దిగుతుంది.

ఇక నీరు ఎంత ఉందో ఎలా తెలుసుకోవాలి? గుప్పెట్లో పిండి చూడమని అందరూ చెబుతారు. నీరు కారితే ఎక్కువ, ముద్ద మెల్లగా విచ్చుకుంటే సరి, పొడిపొడిగా రాలితే తక్కువ. ఈ పద్ధతి తప్పు కాదు, కానీ కొత్తవాళ్ల గుప్పెట చాలా ఆశావాది. నేను తూకాన్నే నమ్ముతాను. కోసిన వెంటనే 100 గ్రాముల ముక్కలు మూకుడులో వేసి, సన్నని సెగ మీద మాడకుండా కలుపుతూ, రెండుసార్లు తూచినా బరువు మారనంత వరకు ఆరబెట్టు. వంటింట్లో చేస్తే తిట్లు ఖాయం, బయట పొయ్యి మీద చెయ్యి. 18 గ్రాములు మిగిలింది అనుకుందాం. ఆ 18ని 3తో భాగించు, 6 వస్తుంది. అంటే పచ్చిగా 10 కేజీలు తూగిన గడ్డి 6 కేజీలకు దిగినప్పుడు సైలేజీ బేలుకు తయారైనట్టు, నీరు 70 శాతానికి వచ్చినట్టు. నేను పాత చీర మీద 10 కేజీలు తూచి, చేలో మిగతా గడ్డితో పాటే అంతే పలుచగా పరుస్తాను. రెండు గంటలకోసారి చీర నాలుగు చెంగులూ కూడదీసి స్ప్రింగ్ కాటాకు తగిలిస్తాను. కాటా చెప్పేదాకా బేలర్‌ను చేలోకి రానివ్వను.

65 రోజుల గడ్డి చాలా ముదిరింది. ఆకు కరకరలాడుతున్నా కాడలో రసం అలాగే ఉంటుంది, అందుకే ఆకును చూసి మోసపోతాం. 40, 45 రోజులకు కోయి, కాడ సన్నగా ఉంటుంది. మంచు ఆరాక ఉదయం 10కి మొదలుపెట్టు. నేలకు నాలుగు అంగుళాలు వదిలి కోస్తే మట్టి అంటదు, కోసిన గడ్డి కింద గాలి ఆడుతుంది. కుప్పలు వేయకుండా పరచు, ఒకసారి తిరగెయ్యి. ఆరాకే తరుగు, తరిగిన పూటే చుట్టించు. వాన మబ్బు వేసి ఆరబెట్టే వీలు లేకపోతే, 100 కేజీల పచ్చి ముక్కలకు 20 కేజీల తరిగిన వరిగడ్డి కలిపినా నీటి లెక్క దాదాపు అక్కడికే వస్తుంది, మేతలో సత్తువ తగ్గుతుందనుకో. బెల్లం 100 కేజీలకు 2 కేజీలు, నీళ్లలో కరిగించి చల్లు. నీళ్లు కరగడానికి సరిపోయేటంతే. ఉప్పు అర కేజీ. మొక్కజొన్న అయితే, గింజ పాలు గట్టిపడే దశలో కోస్తే బెల్లం జోలికే పోనక్కరలేదు.

పొరలు మిషనే చుట్టిందన్నావు. మిషను దానికి చెప్పినన్ని చుడుతుంది, చెప్పేది ఫిల్ము కొనుక్కునే మనిషి. నా మొదటి ఏడాది ఓ చెడిన బేలు పక్కన బ్లేడుతో కోసి పొరలు ఒక్కొక్కటీ వలిచి లెక్కపెట్టాను, నాలుగు వచ్చాయి. నేను డబ్బిచ్చింది ఆరింటికి. నువ్వూ పెంటకు వేసేవాటిలో ఒకటి కోసి లెక్కపెట్టు. మన ఎండలకు 25 మైక్రాన్ల మందం ఫిల్ము అయితే 6 పొరలు ఉండాలి. తక్కువకు నేను ఒప్పుకోను.

దొర్లించడమా! నేపియర్ మొదళ్లు ఈటెల్లా ఉంటాయి. ఎత్తుకుని మోయాలి, లేదా గట్టు మీదే చుట్టించాలి. ఇంటి దగ్గర బల్లపరుపు ముఖం కింద ఉండేలా నిలబెట్టు, ఆ వైపు పొరలు ఎక్కువ పడతాయి. కింద మెత్తటి ఊక పోయి. ఎలుకలు చేరే తుప్పలు చుట్టూ కొట్టేయి. ఒకసారి నా బేలులో చచ్చిన ఎలుక వచ్చింది, ఆ బేలు మొత్తం పారేశాను. చచ్చిన జీవి నుంచి మేతకు పాకే విషం పశువును రెండు రోజుల్లో పడగొట్టేస్తుంది.

ఆ సూది గురించి ఏమనాలో తెలియడం లేదు. మొదటి వారంలో బేలు ఉబ్బడం పులుస్తున్నదనడానికి గుర్తు. తానే తగ్గుతుంది. దోసె పిండి పొంగిందని గిన్నెకు చిల్లు పెడతామా?


ఏలేరు గట్టు
మార్చి 4, రాత్రి 9:30

అక్కా, 22వ బేలు ఫిల్ము కోసి లెక్కపెట్టాను. మూడు.


కిల్డేర్ నుంచి
మార్చి 5, తెల్లవారుజామున 3:10

ఐర్లండ్‌లో చదువుకుంటూ శని, ఆదివారాలు ఒక గుర్రాల శాలలో పని చేస్తున్నాను. ఇక్కడ గుర్రాలకు వేసేది హేలేజీ, అంటే సైలేజీకీ ఎండుగడ్డికీ మధ్యరకం. సన్నటి రై గడ్డి కోసి, ఒకటి రెండు రోజులు తిరగేస్తూ నీరు సగానికి వచ్చేదాకా ఆరనిచ్చి అప్పుడు చుడతారు. ఎండుగడ్డి దుమ్ముకు గుర్రాల ఊపిరితిత్తులు పాడవుతాయని ఇది వేస్తారు. పొడిగా ఉంటుంది కాబట్టి పులుపు తక్కువ, నిలిచేదంతా గాలి చొరబడకపోవడం వల్లే. అందుకే ఎక్కడైనా చిల్లు కనబడితే మా యజమాని బేలు బేలంతా పక్కన పెట్టిస్తాడు, గుర్రాల దగ్గర సాహసం చేయడు. బేళ్లను పొడిచే కాకులు ఇక్కడా శత్రువులే. బేళ్ల పైన దారాలు కడతారు, కొందరు పెద్ద పెద్ద కళ్ల బొమ్మలు వేస్తారు.

మన నేపియర్‌ను అంత పొడిగా చుట్టవచ్చా?


చింతమాను దొడ్డి
మార్చి 5, ఉదయం 7:05

బాబూ, నేపియర్‌తో వద్దు. చీర తూకంలో అయితే 10 కేజీలు 4 కేజీల లోపుకు దిగాలి. అంత ఎండిన లావు కాడలు ఎంత నొక్కినా మళ్లీ లేస్తాయి, మధ్యలో గాలి మిగిలి బూజు పడుతుంది. సన్నకాడ మేతలకు మాత్రం మీ పద్ధతి బాగుంటుంది. నేను లూసర్న్‌ను అలాగే చుట్టిస్తున్నాను. పప్పుజాతి మేత పచ్చిగా త్వరగా పులుపెక్కదు, పూర్తిగా ఎండబెడితే సారమున్న ఆకంతా చేలోనే రాలిపోతుంది. సగం ఆరినప్పుడు మంచు తడి మీద ఎత్తితే ఆకు దక్కుతుంది. డెల్టాలో వరి తర్వాత పిల్లిపెసర చల్లేవాళ్లు ఎవరైనా ఇలా చేసి చూస్తే ఇక్కడ రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది.

మోట బావి గారూ, మీ పాతరను నేను తప్పుపట్టను. మీ ఇంట్లో ఎన్ని పశువులు?


మోట బావి
మార్చి 5, ఉదయం 10:40

చిన్నా పెద్దా కలిపి 22 అండి.


చింతమాను దొడ్డి
మార్చి 5, ఉదయం 11:30

అదే మరి. మీకు రోజుకు మూడు వందల కేజీలు కావాలి, 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు ముఖం నుంచి రోజూ అర అడుగు పైనే తవ్వుతారు. వేసవిలో అంత తీస్తేనే ముఖం చెడకుండా ఉంటుంది. ఈ తమ్ముడి 4 పాడి గేదెలకు తలా 15 కేజీలు వేస్తే రోజుకు 60. మీ గొయ్యి ఇతనికి ఇస్తే రెండు అంగుళాలు కూడా దిగదు, గోడంతా రోజూ గాలికి వేడెక్కుతుంది. బేలు విప్పితే ఆ రోజుకు సరిపోయింది, రేపటిది రేపే విప్పుకుంటాడు. పైగా ఏలేరు ఆయకట్టులో 5 అడుగులు తవ్వితే గొయ్యి వస్తుందో బావి వస్తుందో.


మోట బావి
మార్చి 5, మధ్యాహ్నం 12:15

బావి అన్న మాటకు నవ్వొచ్చింది. పశువుల లెక్క ఒప్పుకున్నాను. మూడు పొరలు చుట్టినవాడికి మాత్రం డబ్బు పూర్తిగా ఇవ్వవద్దని నా మాట.


ఏలేరు గట్టు
మే 11, సాయంత్రం 6:20

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. మార్చిలోనే మళ్లీ చుట్టించాను. ఈసారి 42 రోజుల గడ్డి. మూకుడులో 17 గ్రాములు మిగిలింది, కాబట్టి చీర మీది 10 కేజీలు 5 కేజీల 700కు దిగాలని లెక్క వేసుకున్నాను. ఉదయం 10కి కోత మొదలైతే, మర్నాడు మధ్యాహ్నం మూడింటికి కాటా 5 కేజీల 800 చూపించింది. బేలర్ అతను ఉదయమే వచ్చి, చేయి గడియారం చూసుకుంటూ గట్టు మీద కూర్చున్నాడు. ఆరు పొరలు నా ఎదుటే చుట్టాలన్నాను, ఫిల్ము ఖర్చు విడిగా ఇస్తానన్నాను, ఒప్పుకున్నాడు. చీకటి పడేలోపు 26 మాత్రమే చుట్టగలం అన్నాడని, అంతకు సరిపడా గడ్డే కోయించాను. మిగతాది పచ్చిగా వేసేశాను.

మొన్నటి నుంచి విప్పుతున్నాను. ఇప్పటికి 5 విప్పాను, అయిదూ బాగున్నాయి. మొదట 4 కేజీలతో మొదలుపెట్టి వారంలో 15కు తీసుకెళ్తున్నాను, పాలు పిండాకే వేస్తున్నాను. పాల కేంద్రంలో వాసన అని ఎవరూ అనలేదు. చూడి గేదె ఈనింది, దూడ బాగుంది.

ఒక్కటే సమస్య. మామిడిచెట్టు కింద పేర్చాను. పైవరుసలో రెండిటిని కాకులు పొడిచాయి. ఒకదానికి నిన్ననే చూసి టేపు వేశాను. రెండోది ఎప్పుడు పొడిచాయో తెలియదు, చిల్లు చుట్టూ అరచేయంత మెత్తగా ఉంది. పైన ఇంకో ఫిల్ము చుట్టించనా?


చింతమాను దొడ్డి
మే 11, రాత్రి 9:05

వద్దు. లోపలికి వెళ్లిన గాలి మీద మళ్లీ చుడితే బూజును లోపల దాచినట్టే. రెండోది రేపే విప్పు. మెత్తబడిన చోటు వాసన చూడు, చేయి పెట్టి వేడి చూడు. వేడి ఉంటే పెంటకుప్పకు వెయ్యి. నిన్న టేపు వేసినదాన్ని ఎల్లుండిలోపు వాడెయ్యి. అట్టపెట్టెలకు అంటించే టేపు అయితే ఎండకు రెండు రోజుల్లో ఊడుతుంది. బేళ్లకు వేసే టేపు వేరే ఉంటుంది, అది తెప్పించుకుని, చోటు తుడిచి, ఆరాక అంటించు. మామిడికాయలు ఉన్నన్నాళ్లూ ఆ చెట్టు మీదికి కాకులు వస్తూనే ఉంటాయి, కాయలు బేళ్ల మీద రాలుతుంటాయి కూడా. పైన పాత చేపల వల కట్టు, ఫిల్ముకు తగలకుండా జానెడు ఎత్తులో.